యువజన క్లబ్బులో పిల్లలు నేర్చుకునేదేమిటి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో యువజన క్లబ్బుల గురించి అడిగినవే ఎక్కువ. రాసినవారిలో తల్లిదండ్రులు ఉన్నారు, క్లబ్బులకు మార్గదర్శకులుగా ఉన్న పెద్దలు ఉన్నారు, సభ్యులుగా ఉన్న యువతీయువకులూ ఉన్నారు. వాటిలో ఆరు ఉత్తరాలను ఎంచుకుని సమాధానాలు ఇస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. వారానికి రెండు సాయంత్రాలు యువజన క్లబ్బుకు వెళ్తుంది. ఏం నేర్చుకున్నావని అడిగితే "మీటింగు పెట్టుకున్నాం, మాట్లాడుకున్నాం" అంటుంది తప్ప ఫలానాది నేర్చుకున్నానని చెప్పదు. జీవన నైపుణ్యాలు వస్తాయని క్లబ్బువారు అంటున్నారు. అసలు అవేమిటి? బడిలో రానివి క్లబ్బులో ఎలా వస్తాయి? – ఒక తల్లి

జీవన నైపుణ్యాలు అనే మాట ఇప్పుడు ప్రతి కరపత్రంలోనూ కనిపిస్తోంది కాబట్టి ముందుగా దాని అర్థం తేల్చుకుందాం. నిత్యజీవితంలో ఎదురయ్యే అవసరాలనూ సవాళ్లనూ సమర్థంగా ఎదుర్కొంటూ, పరిస్థితికి తగినట్టు మంచిగా మెలగడానికి తోడ్పడే సామర్థ్యాలే జీవన నైపుణ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలినాళ్లలో నిర్వచించింది. వాటిలో ముఖ్యమైనవిగా పదింటిని పేర్కొంది: నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, మనసులోని మాటను స్పష్టంగా తెలియజేయడం, తోటివారితో సంబంధాలు నిలుపుకోవడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి మనసును అర్థం చేసుకోవడం, ఉద్వేగాలను సంబాళించుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. ఈ పదింటిలో ఒక్కటి కూడా విని గుర్తుపెట్టుకునే సమాచారం కాదని గమనించండి. అన్నీ చేయగా చేయగా వచ్చేవే.

మీ అమ్మాయి "మాట్లాడుకున్నాం" అని తేలికగా చెప్పిన ఆ మీటింగునే తీసుకుందాం. క్లబ్బు ఒక ఆటల పోటీ జరపాలనుకుంది. పరీక్షలకు ముందు జరపాలని కొందరు, పరీక్షలు అయ్యాక జరపాలని కొందరు అంటున్నారు. అధ్యక్ష స్థానంలో కూర్చున్న అమ్మాయికి పదిహేనేళ్లుంటాయి. గొంతు పెద్దది చేస్తున్నవారిని ఆపాలి, మూల కూర్చున్నవారిని అడిగి మాట్లాడించాలి, తన అభిప్రాయం ఏదైనా అందరి వాదనా వినాలి, చివరికి చేతులెత్తించి లెక్కపెట్టాలి. ఏడుగురు ఒకవైపు, ఐదుగురు మరోవైపు తేలారనుకోండి. ఓడిన ఆ ఐదుగురూ మర్నాడు వచ్చి, తాము వద్దన్న తేదీకి జరిగే పోటీ కోసమే మైదానంలో గీతలు గీయాలి. తన మాట నెగ్గకపోయినా నెగ్గిన నిర్ణయానికి మనస్ఫూర్తిగా పనిచేయడం పెద్దవాళ్లకే కష్టసాధ్యమైన విద్య. దానిని పద్నాలుగేళ్లకు, ఆటల తేదీ లాంటి చిన్న విషయంలో అభ్యాసం చేయగలగడం ఎంత అదృష్టమో ఆలోచించండి.

ఇక పోటీ రోజు వస్తుంది. బంతులు తెస్తానన్న పిల్లవాడు మరచిపోతాడు. పరీక్షలో తప్పు రాస్తే పోయేది తన మార్కులే. ఇక్కడ తన మరపు వల్ల ముప్పై మంది గంటసేపు నిలబడాల్సి వస్తుంది. వాళ్ల ముఖాలు చూసి తప్పు ఒప్పుకోవాలి, అప్పటికప్పుడు మరో దారి వెతకాలి, వచ్చేసారి మరచిపోకుండా ఏం చేయాలో తానే ఆలోచించుకోవాలి. బడి గొప్పది కాదని నేను అనడం లేదు. బడి పని వేరు. అక్కడ ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. తామే నిర్ణయించుకుని, తామే చేసి, దాని ఫలితాన్ని తామే అనుభవించే చోటు పిల్లలకు అంత సులువుగా దొరకదు. మంచి క్లబ్బు ఇచ్చేది ఆ చోటునే.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో, "ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం మనిషిలో ఎక్కడినుంచి పుడుతుందో వివరిస్తూ నాలుగు మూలాలు చూపాడు. తాను స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివారు చేయడం చూడడం, ఇతరులు ప్రోత్సహించడం, తన శరీరంలో కలిగే గుండెదడ వంటి స్పందనలను తాను అర్థం చేసుకునే తీరు అనేవే ఆ నాలుగు. వీటిలో అన్నిటికన్నా బలమైనది స్వయంగా చేసి నెగ్గడమేనని ఆయన అభిప్రాయం. నువ్వు తెలివైనదానివని ఇంట్లో పదిసార్లు చెప్పినా రాని ధైర్యం, ఒక్క సమావేశాన్ని చివరిదాకా తానే నడిపిన అమ్మాయికి రావడానికి కారణం ఇదే.

ఒక చిన్న సూచన. "ఏం నేర్చుకున్నావు" అని అడిగితే ఏ పిల్లకైనా జవాబు దొరకదు. "ఈరోజు ఎవరికి ఎవరితో అభిప్రాయభేదం వచ్చింది, చివరికి ఎలా తేల్చారు?" అని అడిగి చూడండి. మీరు తీరికగా కూర్చుని వినవలసి వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. కొత్తవారి ముందు నోరు విప్పడు. క్లబ్బులో చేర్పిస్తే మారతాడని, మొదటి రోజే వేదిక ఎక్కించి మాట్లాడించాలని బంధువులు అంటున్నారు. వాడేమో రానంటున్నాడు. బలవంతంగానైనా పంపమంటారా? – ఒక తండ్రి

వేదిక ఎక్కించడం మాత్రం వద్దండి. సిద్ధంగా లేని పిల్లవాడిని పదిమంది ముందు నిలబెడితే, వాడు నేర్చుకునేది మాట్లాడడం కాదు. తనకు మాట్లాడడం రాదనే విషయాన్ని మరింత గట్టిగా నేర్చుకుంటాడు. మితంగా మాట్లాడడం లోపం కాదన్న సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. మీ అబ్బాయికి కావలసింది అవసరమైనప్పుడు అవసరమైనంత మాట్లాడగలగడమే.

క్లబ్బులో మాట తక్కువ, పని ఎక్కువ ఉండే బాధ్యతలు చాలా ఉంటాయి. గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం, ఆట సామాను లెక్క చూడడం, కార్యక్రమాల ఫొటోలు తీయడం, మొక్కలకు నీళ్లు పెట్టే వంతులు రాయడం వంటి పనితో మొదలుపెట్టనివ్వండి. ఆట సామాను తన చేతిలో ఉంటే నలుగురు వచ్చి తననే అడుగుతారు, తాను జవాబు చెప్పక తప్పదు. ఆ మాటలకు ఒక పని ఆసరాగా ఉంటుంది కాబట్టి అవి భారంగా తోచవు. కొన్ని వారాలకు సామాను ఎంత ఉందో సమావేశంలో కూర్చునే రెండు వాక్యాలలో చెప్పమనవచ్చు. ఆ తర్వాత కొత్తగా చేరిన ఇద్దరికి ఆ పని నేర్పమనవచ్చు. వేదిక అనేది ఎప్పుడో తర్వాత వచ్చే మాట, రాకపోయినా నష్టం లేదు.

బలవంతం గురించి అడిగారు. మూడు నాలుగుసార్లు వెళ్లి చూసి, ఆ తర్వాత వెళ్లాలో వద్దో తానే నిర్ణయించుకోవచ్చని చెప్పండి, చెప్పిన మాట మీద నిలబడండి. తోడుగా తెలిసిన స్నేహితుడు ఒక్కడున్నా మొదటి రోజు గడవడం సులువవుతుంది. అయితే భయం వల్ల బడికి వెళ్లడం మానేయడం, నిద్ర, తిండి దెబ్బతినడం, ఎవరినీ కలవకుండా గదికే పరిమితం కావడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులనో మనస్తత్వ నిపుణులనో సంప్రదించండి. క్లబ్బు మంచిదే గాని అది చికిత్స కాదు.

ప్రశ్న: నేను ఒక యువజన క్లబ్బు కార్యదర్శిని. వయసు పంతొమ్మిది. ప్రతి నెలా జీవన నైపుణ్యాల మీద ఒక ప్రముఖుని పిలిచి ఉపన్యాసం ఏర్పాటు చేస్తున్నాం. మొదట్లో నలభై మంది వచ్చేవారు, ఇప్పుడు పదిమంది కూడా రావడం లేదు. మా సభ్యులకు ఆసక్తి లేదంటారా? – ఒక కార్యదర్శి

మీ సభ్యులకు ఆసక్తి లేదని నేను అనుకోను. రాకుండా ఉండడమే వాళ్లు మీకు ఇస్తున్న సమాధానం. నిర్ణయం తీసుకోవడం ఎలాగో గంటసేపు విని, ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఇంటికి వెళ్లిపోవడం వాళ్లకు విసుగు పుట్టించి ఉంటుంది.

అలాగని ఉపన్యాసాలు మానేసి ఆటలూ పాటలూ పెడితే సరిపోతుందని కూడా అనుకోవద్దు. బడి వేళల తర్వాత జరిగే కార్యక్రమాలపై వచ్చిన పలు అధ్యయనాలను జోసెఫ్ డర్లాక్, రోజర్ వైస్‌బర్గ్, మోలీ పచాన్ కలిసి పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల వ్యక్తిగత, సామాజిక నైపుణ్యాలు పెంచడమే ఉద్దేశంగా పెట్టుకున్న కార్యక్రమాలు అన్నీ ఫలించలేదని, నాలుగు లక్షణాలు కలిసి ఉన్నవే స్పష్టంగా ఫలించాయని వారు తేల్చారు. నైపుణ్యాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి వరుసగా నేర్పడం మొదటిది. పిల్లలు తామే చేసి అభ్యసించడం రెండవది. దాని కోసమే కొంత సమయాన్ని కేటాయించడం మూడవది. ఈరోజు నేర్చుకుంటున్న నైపుణ్యం ఏదో దాని పేరుతో స్పష్టంగా చెప్పడం నాలుగవది. మీ ఉపన్యాసాలలో నాలుగవది ఉంది, రెండవది లేదు. చాలా క్లబ్బుల శ్రమదానాలలో రెండవది ఉంటుంది, నాలుగవది ఉండదు. పిల్లలు చెమటోడ్చి పనిచేస్తారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. తాము ఏం సాధించారో వాళ్లకే తెలియదు.

కాబట్టి క్రమాన్ని తిరగేయండి. మొదట ఒక పని ఎంచుకోండి, ఆ పనికి అవసరమైన నైపుణ్యాన్ని దానికి ముందు వారంలో నేర్పించండి. రక్తదాన శిబిరం పెట్టదలచుకుంటే, దాతలను ఎలా అడగాలి, కాదన్నవారిని నొప్పించకుండా ఎలా సెలవు తీసుకోవాలి అన్నది ఇద్దరిద్దరుగా నిలబడి అభినయించి చూడండి. లెక్కలు తెలిసిన పెద్దమనిషిని పిలవదలచుకుంటే, కొత్త కోశాధికారి క్యాష్ పుస్తకం తెరవబోయే వారంలోనే పిలవండి. అప్పుడు ఆయన చెప్పే ప్రతి మాటకూ ఒక ఉపయోగం ఉంటుంది.

పని అయిపోయిన రోజునే, అలసట ఉన్నా సరే, ఇరవై నిమిషాలు గుండ్రంగా కూర్చోండి. ఏం జరిగింది, ఎందుకు అలా జరిగింది, వచ్చేసారి ఏది మార్చుకుందాం అని అందరినీ అడగండి. అనుభవం, దాని గురించిన ఆలోచన, ఆ ఆలోచన నుంచి ఒక అవగాహన, ఆ అవగాహనతో మళ్లీ ప్రయత్నం అనే నాలుగు దశలు చక్రంలా తిరిగితేనే అనుభవం చదువుగా మారుతుందని విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో వివరించాడు. ఎక్కువ క్లబ్బులు మొదటి దశ దగ్గరే ఆగిపోతాయి. ఆ ఇరవై నిమిషాలను ఎవరూ ఎగవేయకుండా చూడడమే మీ కార్యదర్శి పదవికి ముఖ్యమైన పని అని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసి ఒక క్లబ్బుకు సలహాదారుగా ఉన్నాను. పిల్లలకు వదిలేస్తే పని చెడిపోతోంది, లెక్కలు తేడా వస్తున్నాయి. నేనే చేస్తే చక్కగా జరుగుతోంది కాని వాళ్లు ప్రేక్షకులైపోతున్నారు. ఎక్కడ కలగజేసుకోవాలి, ఎక్కడ ఊరుకోవాలి? – ఒక సలహాదారు

అయ్యా, ఈ ప్రశ్న వేసుకోగలిగిన సలహాదారు దొరకడం ఆ పిల్లల భాగ్యం. కార్యక్రమం చక్కగా జరగడం, పిల్లలు చక్కగా ఎదగడం అనేవి రెండు వేర్వేరు లక్ష్యాలు. అవి ఎదురుపడినప్పుడు క్లబ్బు రెండవదాని పక్షాన నిలవాలి.

1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో బ్రిటిష్ సైనికాధికారి బేడెన్ పవెల్ నడిపిన శిబిరం నుంచే స్కౌటు ఉద్యమం మొదలైందని చెబుతారు. ఆయన సుమారు 20 మంది బాలురను చిన్న దళాలుగా విభజించి, ప్రతి దళానికీ వారిలోనే ఒకరిని నాయకునిగా పెట్టాడు. సైన్యంలో పనిచేసిన మనిషికి తానే ఆజ్ఞలు ఇవ్వడం చేతకాక కాదు. బాలుడే నాయకుడైతే ఆ దళానికి అతడు బాధ్యుడవుతాడని ఆయన ఉద్దేశం. మరోవైపు, పేరుకు పిల్లలను ముందు నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం రాసిన రచనలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపాడు. పెద్దల మాటను పిల్లల నోట పలికించడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు మాత్రం పదవి ఇవ్వడం అనే అడుగు మూడు మెట్లనూ ఆయన భాగస్వామ్యం కిందే లెక్కించలేదు. మీ క్లబ్బు సమావేశం ఎజెండా ఎవరు రాస్తున్నారో చూసుకుంటే మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలిసిపోతుంది.

ఎక్కడ కలగజేసుకోవాలన్నదానికి నేను పాటించే కొలత ఒకటే: దిద్దుకోగల తప్పా, దిద్దుకోలేని తప్పా? ఆహ్వానపత్రంలో తేదీ తప్పు పడడం, వక్త రాకపోవడం, జనం పలచగా ఉండడం దిద్దుకోగల తప్పులు. నాలుక కరచుకుని ఊరుకోండి. నీటి దగ్గరా, నిప్పు దగ్గరా, రోడ్డు ప్రయాణాలలోనూ, ఎవరైనా ఒకరిని అవమానిస్తున్నప్పుడూ, ఏ పిల్లకైనా పిల్లవాడికైనా లైంగిక వేధింపు జరుగుతోందన్న అనుమానం వచ్చినప్పుడూ క్షణం కూడా ఆగవద్దు. అక్కడ పెద్దవారు మీరే, బాధ్యత మీదే.

డబ్బు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పిల్లల చేతికి డబ్బు ఇవ్వకపోతే లెక్క ఎప్పటికీ రాదు. అందుకని మొత్తాన్ని చిన్నదిగా ఉంచండి. ప్రతి ఖర్చుకూ రసీదు, ప్రతి చెల్లింపుకూ ఇద్దరి సంతకాలు, నెలకోసారి అందరి ముందు జమాఖర్చు చదవడం నియమంగా పెట్టండి. తేడా వస్తే మీరు జేబులోంచి వేసి పూడ్చవద్దు, దొంగను పట్టుకున్నట్టు నిలదీయవద్దు. పుస్తకం ముందు పెట్టుకుని, ఏ తేదీ దగ్గర తేడా మొదలైందో వాళ్లచేతే వెతికించండి. చాలాసార్లు రాయడం మరచిన చిన్న ఖర్చే బయటపడుతుంది. ఆ వెతుకులాట తర్వాత వాళ్లు మరిన్ని లెక్కలు తప్పు రాస్తారేమో గాని, ఆరోజే రాయకుండా మాత్రం నిద్రపోరు.

ప్రశ్న: క్లబ్బు పేరుతో పిల్లలు చెడు సావాసాలు పడతారని మా పెద్దల భయం. అందులో నిజముందా? – ఒక గృహిణి

ఉంది. క్లబ్బులను ఇష్టపడేవారే ఈ విషయాన్ని ముందుగా ఒప్పుకోవాలి. జోసెఫ్ మహోనీ, హాకన్ స్టాటిన్ స్వీడన్‌లోని 14 ఏళ్ల పిల్లలపై చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. క్రమబద్ధమైన కార్యకలాపాలలో పాల్గొనే పిల్లలలో సంఘవ్యతిరేక ప్రవర్తన తక్కువగా ఉండగా, పెద్దలున్నా ఎవరూ ఏ దిశా చూపకుండా పిల్లలను వారి మానాన వదిలేసిన యువజన కేంద్రాలకు వెళ్లేవారిలో అది ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపిందే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. దారి తప్పుతున్న పిల్లలే అలాంటి చోటును వెతుక్కుని వెళ్లి ఉండవచ్చు. అయినా హెచ్చరికగా తీసుకోవడానికి అది చాలు. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ జరిపిన ప్రయోగంలో కూడా, వాహనం నడిపే కంప్యూటర్ ఆటను ఒంటరిగా ఆడినప్పటికన్నా తోటివారు పక్కనున్నప్పుడు కౌమార వయస్కులు ఎక్కువ సాహసానికి తెగించారు. తోటివారి బలం నిప్పులాంటిది. దానితో వండుకోవచ్చు, కాల్చుకోనూవచ్చు.

చేర్పించే ముందు మీరే ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్లి చూడండి. ఆరోజు చేయవలసిన పని ఏదైనా ఉందా, పిల్లల పేర్లు తెలిసిన పెద్దవారు అక్కడ ఉన్నారా, రాని పిల్లలను గురించి ఎవరైనా అడుగుతున్నారా, కొత్తవారిని ఏడిపిస్తుంటే ఆపేవారున్నారా? తల్లిదండ్రులు వచ్చి చూడడాన్ని ఇష్టపడని క్లబ్బు అయితే ఇక ఆలోచించనక్కరలేదు.

ప్రశ్న: మూడేళ్లుగా క్లబ్బులో ఉన్నాను. నాకు పదిహేడేళ్లు. ఏ కార్యక్రమమైనా అమ్మాయిలకు ముగ్గులు, స్వాగతం, అలంకరణ. అబ్బాయిలకు డబ్బు, మైకు, అనుమతుల పని. అడిగితే "మీకు అవే బాగా వచ్చు కదా" అంటారు. ఇది నేర్చుకోవడమేనా? – ఒక సభ్యురాలు

కాదమ్మా. వచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేయించుకోవడాన్ని నేర్పించడం అనరు. "మీకు అవే వచ్చు" అన్న మాటలోనే వాళ్ల తప్పు ఉంది: మూడేళ్లుగా మరొకటి ఇవ్వకపోతే మరొకటి ఎలా వస్తుంది? ఇందులో నష్టం మీ ఒక్కరిదే కాదు. అతిథులను ఆదరించడం, చోటును అందంగా తీర్చడం కూడా నైపుణ్యాలే. అవి అబ్బాయిలకూ రావాలి.

ఫిర్యాదుగా చెబితే నవ్వి ఊరుకుంటారు, కాబట్టి తీర్మానంగా తీసుకురండి. ఎజెండాలో చేర్చమని సమావేశానికి ముందే కార్యదర్శికి రాసి ఇవ్వండి. "క్లబ్బులోని ప్రతి బాధ్యతా ఆరు నెలలకోసారి చేతులు మారాలి, ఒకే పనిని ఎవరూ వరుసగా రెండుసార్లు చేయరాదు, దిగిపోయేవారు కొత్తవారికి నెలరోజులు పని నేర్పాలి" అని మూడే వాక్యాలు రాయండి. బలపరచడానికి ఇద్దరితో, వీలైతే వారిలో ఒక అబ్బాయితో, ముందే మాట్లాడి ఉంచుకోండి. అభ్యంతరాలు వస్తే నోట్ చేసుకుని ఒక్కొక్కదానికీ శాంతంగా జవాబు చెప్పండి. నెగ్గితే మినిట్స్ పుస్తకంలో రాయించి సంతకాలు తీసుకోండి. నెగ్గకపోతే ఎన్ని ఓట్లతో వీగిపోయిందో అదీ రాయించి, మూడు నెలల తర్వాత మళ్లీ పెట్టండి. తీర్మానం నెగ్గిన రోజున కోశాధికారి పదవికి మొదటి వంతు ఎవరిదని అడుగుతారు. అప్పుడు చుట్టూ చూడకుండా మీరే చెయ్యెత్తండి.